సిమోన్ ద బోవా: స్వేచ్ఛయు వార్ధకమును

పారిస్ నగరమందు మోంపర్నాస్ రాజవీథిలో, చిత్రకారులకును రచయితలకును కూడలిగా పేరొందిన రొతోంద్ కాఫీశాల కలదు. ఆ భవనపు పైవాటాలో 1908వ సంవత్సరము జనవరి 9వ తేదీన సిమోన్ ద బోవా జన్మించెను. స్త్రీ స్థితిని గూర్చి ఇరువదవ శతాబ్దమున వెలువడిన గ్రంథములలో మిక్కిలి చర్చకు గురియైన దానిని వ్రాసినది ఈమెయే. ముదిమిని గూర్చియు ఆమె యొక పెద్ద గ్రంథము వ్రాసెను గాని అది యంతగా ప్రచారము పొందలేదు. ఆమె జీవితమును ఆసాంతము పరిశీలించిన వారికి ఈ రెండు గ్రంథములును ఒకే ప్రశ్ననుండి పుట్టినవని తోచకమానదు. మనుష్యుడు తన్ను తాను ఎంతవరకు తీర్చిదిద్దుకొనగలడు? ఇతరులు అతనిని ఎంతవరకు తీర్చిదిద్దుదురు? ఇదియే ఆ ప్రశ్న.

తండ్రి జార్జి న్యాయవాది. వృత్తియందు కంటె నాటకములయందు ఆయనకు మక్కువ యెక్కువ. తల్లి ఫ్రాన్స్వాజ్, వెర్దన్ పట్టణమునకు చెందిన యొక బ్యాంకు యజమాని కుమార్తె. కతోలిక మతమునందు గాఢమైన నిష్ఠ గలది. తండ్రికి దేవునియందు విశ్వాసము లేదు. తల్లికి దేవుడే సర్వము. ఒకే యింట ఈ రెండు ధోరణులును పోరాడుకొనక ప్రక్కప్రక్కన సాగుచుండుట చూచిన బాలికకు, ఆలోచించుట యొక దారి, ఆరాధించుట వేరొక దారి అను భావము చిన్ననాటనే నాటుకొనెను. 1910లో చెల్లెలు ఎలేన్ జన్మించెను. ఆమె పెద్దదై చిత్రకారిణి యయ్యెను.

ఆ యింటి కలిమి యెంతో కాలము నిలువలేదు. మాతామహుని బ్యాంకు దివాలా తీయుటచే జార్జికి ఇత్తునన్న కట్నము చేతికి రాలేదు. ఆయన తన సొమ్మును రష్యా ఋణపత్రములలో పెట్టియుండెను. 1917 నాటి విప్లవముతో అవి చిత్తుకాగితములయ్యెను. 1919లో ఆ కుటుంబము రెన్ వీథిలోని యిరుకైన వాటాకు, లిఫ్టుగాని కుళాయి నీరుగాని లేని పై అంతస్తుకు మారెను. తండ్రి తన యిరువురు కుమార్తెలకును ఒక సంగతిని దాపరికము లేకుండ తెలిపెను. వారికి కట్నమిచ్చు శక్తి తనకు లేదనియు, కావున వారికి పెండ్లిండ్లు కావనియు, ఎవరి పొట్ట వారే పోసికొనవలసి యుండుననియు ఆ మాటల సారాంశము. కట్నమను పీడ మన యిండ్లకే పరిమితమని తలచువారికి ఈ సంగతి వింతగా తోచవచ్చును. ఆనాటి ఫ్రాన్సు మధ్యతరగతి కుటుంబములలో కట్నము లేని కన్యకు తగిన సంబంధము దొరకుట దుర్ఘటము. తండ్రి దానిని పరాజయముగా చెప్పుకొనెను; కుమార్తెకు అది విడుదలగా పరిణమించెను. కట్నమే యుండినచో సిమోన్ ఒక గౌరవనీయుడైన ఉద్యోగికి భార్యయై, ఆదివారములందు విందు లొనర్చుచు కాలము గడపియుండెడిదేమో.

చదువు కతోలిక బాలికల పాఠశాలలో సాగెను. తల్లి కుమార్తెల చదువును కనిపెట్టుటకై తానును లాటిను, ఇంగ్లీషు నేర్చుకొనెను. వారికి వచ్చు ఉత్తరములను విప్పి చదివెడిది. ఆడపిల్ల చదువదగవని తోచిన పుటలను గుండుసూదితో కలిపి గ్రుచ్చి పుస్తకము చేతికిచ్చెడిది. ఇంత కాపలాలోనే ఆ బాలికకు పదునాలుగవ యేట దైవవిశ్వాసము సడలిపోయెను. దానితోపాటు ఒక భయమును ప్రవేశించెను. దేవుడు లేనిచో మరణానంతరము ఏమియు లేదు. ఒకనాడు ఇంట ఎవరును లేని వేళ ఈ తలపు కలిగి ఆమె నేలపై బడి కేకలు వేసెనట. ఆ భయము ఆమెను తుదివరకు విడువలేదు. మృత్యువును, దానికి ముందు నడచివచ్చు ముదిమిని ఆమె మాటిమాటికి తన రచనలలోనికి పిలుచుటకు మూలము ఇచ్చటనే యున్నది.

ఆ పాఠశాలలోనే ఆమెకు ఎలిజబెత్ అను బాలికతో స్నేహము కుదిరెను. ఇంటివారు జాజా యని పిలిచెడివారు. జాజా చురుకైనది, హాస్యప్రియ, వయొలిన్ వాయించెడిది. ఆమెది సంపన్నమైన పెద్ద కుటుంబము. బంధువుల రాకపోకలు, విందులు, వంటయింటి పనులు, పెండ్లిచూపులు, వీనితో ఆమెకు దినమంతయు తీరిక యుండెడిది కాదు. ఒకసారి వేసవిలో ఈ పనుల తాకిడినుండి కొన్ని దినములైనను తప్పించుకొనుటకై ఆమె గొడ్డలితో తన పాదమును తానే గాయపరచుకొనెను. మంచము పట్టిన గాని ఒంటరిగా కూర్చుండి పుస్తకము చదువుకొను అవకాశము ఆ పిల్లకు చిక్కలేదన్నమాట! సిమోన్ ఈ సంగతిని ఎన్నడును మరువలేదు.

జాజా ఒక యువకుని ప్రేమించెను. అతడే తరువాత తత్త్వవేత్తగా ఖ్యాతి గాంచిన మెర్లో-పోంతి. ఇరువురును వివాహమాడ దలచిరి. తల్లిదండ్రులు ఒప్పుకొనలేదు. యువకుడును ఏ కారణమో చెప్పక వెనుకకు తగ్గెను. తల్లిమాట జవదాటలేకయు, మనసు చంపుకొనలేకయు కృశించిన జాజా జ్వరము తగిలి 1929 నవంబరులో కన్నుమూసెను. ఆమె వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు. సిమోన్ తన బాల్యయౌవనముల కథను 1958లో ప్రకటించి, ఆ గ్రంథమును జాజా మరణముతోనే ముగించెను. అది వెలువడిన పిమ్మటనే అసలు కారణము ఆమెకు తెలియవచ్చెను. వధువు తరపువారు వరుని వంశమును గూర్చి రహస్యముగా విచారణ జరిపించిరి. అతని జననము తల్లి వివాహబంధమునకు వెలుపలిదని తేలెను. తల్లి పరువు కాపాడుటకై అతడు మౌనముగా తొలగెను. అందరును మర్యాదస్తులే. అందరును ధర్మమే పాటించితిమని తలచినవారే. మధ్యలో ఒక పిల్ల ప్రాణము పోయెను. జాజాను గూర్చి సిమోన్ 1954లో వ్రాసి పెట్టెలో దాచిన చిన్న నవల 2020లో గాని అచ్చు కాలేదు.

జాజా మరణించిన యేడే సిమోన్ జీవితము మలుపు తిరిగెను. సోర్బాన్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చదివి, ఉన్నత పాఠశాలలందు బోధించుటకు అర్హత నిచ్చు అగ్రెగాస్యోన్ అను కఠినమైన పోటీపరీక్షకు ఆమె కూర్చుండెను. ప్రథమ స్థానము జా పాల్ సార్త్రుది. ద్వితీయ స్థానము ఈమెది. సార్త్రు అంతకు ముందటి యేడు తప్పి రెండవమారు కూర్చున్నవాడు. సిమోన్ మొదటిమారే కూర్చుండెను. ఇరువదియొకటవ యేట తత్త్వశాస్త్రమున ఆ పరీక్ష నెగ్గుట అంతవరకు ఎవరికిని సాధ్యపడలేదు.

ఆ పరీక్షకు చదువుకొను దినములలో కుదిరిన స్నేహము సార్త్రు మరణించువరకు, అనగా ఏబదియొక సంవత్సరములు నిలిచెను. వారు వివాహము చేసికొనలేదు. ఒకే కప్పు క్రింద కాపురముండలేదు. సంతానము వలదనుకొనిరి. ఇరువురి నడుమను గల ప్రేమ ప్రధానమైనదనియు, ఇతరులతో కలుగు అనుబంధములకు అడ్డు చెప్పరాదనియు, ఏదియు దాచక ఒకరికొకరు చెప్పుకొనవలెననియు ఒప్పందము చేసికొనిరి. ఇంత సన్నిహితులయ్యు వారు తుదివరకు ఒకరినొకరు మీరు అనియే సంబోధించుకొనిరి! 1931లో సిమోనుకు దక్షిణమున మార్సెయి పట్టణమున ఉపాధ్యాయినిగా నియామకము వచ్చెను. సార్త్రుకు ఉత్తరమున ల ఆవ్ర్ అను రేవుపట్టణమున. భార్యాభర్తలైనచో ఒకేచోట ఉద్యోగమిచ్చు పద్ధతి యుండుటచే సార్త్రు వివాహమును ప్రతిపాదించెను. బదిలీకొఱకు పెండ్లియాడుట సిమోనుకు రుచింపలేదు. బదిలీల బాధ నెరిగిన ఉపాధ్యాయ దంపతులు ఈ సందర్భమున చిరునవ్వు నవ్వుకొందురు గాక! ఆమె ఒంటరిగా మార్సెయికి పోయెను. సెలవుదినములలో పాతచీరల వంటి పాతగౌనుతో, త్రాటి చెప్పులతో, బుట్టలో నాలుగు అరటిపండ్లును రొట్టెలును పెట్టుకొని ఆ కొండలన్నియు కాలినడకన తిరిగెను. తన కాళ్ళపై తాను నిలుచుట యన నేమో ఆ కొండదారులలోనే ఆమె నేర్చుకొనెను.

పిదప రువా పట్టణమునను, పారిసులోను బోధించెను. ఈ కాలమును గూర్చి చెప్పునపుడు ఒక విషయమును కప్పిపుచ్చుట తగదు. ఆమెకును సార్త్రుకును మధ్యనున్న ఒప్పందము వారిరువురికి న్యాయముగానే తోచియుండవచ్చును. దానిలోనికి లాగబడిన చిన్నవారికి అది న్యాయము కాలేదు. ఆమె తన విద్యార్థినులలో కొందరితో ప్రణయ సంబంధము పెట్టుకొనెను. వారిలో ఒకరిద్దరు సార్త్రుకును సన్నిహితులైరి. ఒక విద్యార్థిని తల్లి ఫిర్యాదు చేయగా 1943లో ఆమె ఉద్యోగమునుండి తొలగింపబడెను. సిమోన్ మరణానంతరము, 1990లో, ఆమె సార్త్రుకు వ్రాసిన లేఖలు వెలువడినవి. తమను గూర్చి వారిరువురును ఎంత తేలికగా మాటలాడుకొనిరో అప్పుడు గాని ఆ శిష్యురాండ్రకు తెలియలేదు. వారిలో ఒకామె 1993లో తన గోడును పుస్తకముగా ప్రకటించెను. గురుస్థానమున నున్నవారికిని శిష్యులకును నడుమ సమానమైన స్వేచ్ఛ యుండుట సాధ్యము కాదు. ఇతరుల స్వేచ్ఛను గూర్చి అంతగా ఆలోచించిన స్త్రీకి తన తరగతిగదిలోని యీ అసమానత కనబడకపోవుట ఆమె జీవితమందలి పెద్ద లోపము.

ఉద్యోగము పోయిన యేడే ఆమె తొలి నవల అచ్చయ్యెను. యుద్ధము ముగిసిన పిదప, 1945 అక్టోబరులో, సార్త్రు మొదలగు మిత్రులతో కలిసి ‘ల తాం మొదెర్న్’ అను పత్రికను ఆరంభించెను. అస్తిత్వవాదమను మాట అప్పుడే కాఫీశాలలనుండి వార్తాపత్రికల కెక్కెను. దాని ముఖ్యభావమును సులభముగా నిట్లు చెప్పవచ్చును. కుమ్మరి కుండ చేయుటకు ముందే అది దేనికి ఉపయోగపడవలెనో అతని మనస్సులో నుండును. మనుష్యుని విషయమున అట్టి ముందునిర్ణయము లేదు. అతడు మొదట ఉన్నాడు. తరువాత తన పనులచేత, తన ఎంపికలచేత తానెవరో తానే నిర్ణయించుకొనును. సార్త్రు ఈ స్వేచ్ఛ అందరికిని, ఎట్టి స్థితియందైనను కలదనెను. సిమోన్ ఈ మాటను పూర్తిగా అంగీకరింపలేదు. అంతఃపురమున బంధింపబడిన స్త్రీకి మిగిలిన స్వేచ్ఛ యేపాటిదని ఆమె ఆయనతో వాదించెను. పరిస్థితులు సమానములు కానపుడు స్వేచ్ఛయు సమానము కాదనుట ఆమె మతము. 1947లో వ్రాసిన నీతిశాస్త్ర గ్రంథమున, ఇతరులు స్వతంత్రులు కానిదే తన స్వాతంత్ర్యమునకు అర్థము లేదని ఆమె నిరూపింప యత్నించెను. శిష్యురాండ్ర కథను ఎరిగి ఈ గ్రంథమును చదువువారికి నొప్పి కలుగును.

ఇంగ్లీషున ‘ద సెకండ్ సెక్స్’ అని ప్రసిద్ధమైన మహాగ్రంథము వెనుక ఒక చిన్న సంగతి యున్నది. 1946లో ఆమె తన ఆత్మకథ వ్రాయ దలచెను. అందుకు ముందుగా, స్త్రీనై పుట్టుట నా జీవితమున ఏమి మార్పు తెచ్చినదని తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఏమియు లేదని ఆమెకు తొలుత తోచెను. మగవారితో సమానముగా చదివినది, సంపాదించినది, ఎవరును ఆమెను తక్కువగా చూడలేదు. కాని మగపిల్లవాని పెంపకమును, నీ పెంపకమును ఒకటి కావు గదా యని సార్త్రు హెచ్చరించెను. ఆమె జాతీయ గ్రంథాలయమునకు పోయి వెదకుట మొదలిడెను. ఆత్మకథ ప్రక్కకు తొలగెను. జీవశాస్త్రము, చరిత్ర, పురాణగాథలు, మనస్తత్వశాస్త్రము, నవలలు, అన్నిటిలోను స్త్రీని గూర్చి వ్రాసినది పురుషుడే. అతడు తన్ను కేంద్రముగా నిలుపుకొని, ఆమెను వేరొకతెగా, తనకు ఎదుటిదానిగా వర్ణించెను. 1949 జూనులో మొదటి సంపుటము, నవంబరులో రెండవ సంపుటము వెలువడెను. శరీరభేదము ప్రకృతి యిచ్చినదే. కాని స్త్రీ యిట్లుండవలెను, ఇట్లు కూర్చుండవలెను, ఇట్లు ప్రేమింపవలెను అను నియమములు పుట్టుకతో వచ్చినవి కావు. బొమ్మ చేతికిచ్చిన నాటినుండి ఇల్లును సమాజమును కలిసి దిద్దినవి. ఈ వాదమునే ఆమె వేయి పుటలకు దగ్గరగా విస్తరించెను.

ఆ గ్రంథమున మనస్సునకు హత్తుకొనునది ప్రేమను గూర్చిన అధ్యాయము. పురుషునకు ప్రేమ జీవితములో ఒక భాగము. స్త్రీకి అదియే జీవితమంతయు కావలెనని సమాజము నేర్పెను. అందుచే ఆమె ఒక మనుష్యుని దేవునిగా నిలిపి, అతని రాకపోకలనే తన వ్రతముగా చేసికొనును. అతడు దేవుడు కాడని తెలిసిన నాడు ఆమెకు నిలుచుటకు నేల యుండదు. ఇరువురును తమ తమ పనులు గలవారై, స్వతంత్రులుగా ఒకరినొకరు గుర్తించుకొన్నపుడే ప్రేమ నిజమగునని ఆమె తలచెను. స్త్రీ వార్ధకమును గూర్చియు ఇందొక అధ్యాయమున్నది. అది వ్రాసినపుడు ఆమెకు నలుబదియేండ్లు. ఎదుటియింటి గోడను వర్ణించినట్లు వర్ణించెను.

ఫ్రాన్సు స్త్రీలకు ఓటుహక్కు 1944లో గాని రాలేదు. భార్య భర్త యనుమతి లేకుండ ఉద్యోగమున చేరుటకు, బ్యాంకులో ఖాతా తెరచుటకు 1965 వరకు చట్టము ఒప్పలేదు. అట్టి దేశమున ఈ గ్రంథము పుట్టించిన కోపము ఆశ్చర్యకరము కాదు. ఆల్బేర్ కామూ వంటి మిత్రుడే ఫ్రెంచి పురుషుని అవమానించితివని ఆమెపై ఆగ్రహించెను. 1956లో వాటికన్ ఈ గ్రంథమును, ఆమె నవల యొకదానిని నిషిద్ధ గ్రంథముల పట్టికలో చేర్చెను. 1953లో వెలువడిన ఇంగ్లీషు అనువాదమున మూలములోని పెక్కు భాగములు తొలగింపబడినవి. ఇంగ్లీషు ద్వారా దానిని చదివిన లోకము అరువది యేండ్లకు దగ్గరగా కత్తిరించిన ప్రతినే చదివెను. సమగ్రమైన అనువాదము 2009లో వచ్చెను.

ప్రేమను గూర్చి అంత స్పష్టముగా వ్రాసిన ఈమె, ఆ గ్రంథము వ్రాయుచున్న దినములలోనే ప్రేమలో మునిగియుండెను. 1947 ఫిబ్రవరిలో అమెరికా పర్యటనకు పోయినపుడు షికాగో నగరమున నెల్సన్ ఆల్‌గ్రెన్ అను రచయితతో ఆమెకు పరిచయమయ్యెను. అతడు పేదల పేటలలో తిరిగి వారి కథలు వ్రాసినవాడు. ఆమె అతనికి ఇంగ్లీషున వందలకొలది లేఖలు వ్రాసెను. అతని భార్య నన్నట్లే వ్రాసెను. ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి పెట్టెదనని వేడుకగా మాట యిచ్చెను. అతడు ఆమె వ్రేలికి ఒక ఉంగరము తొడిగెను. వివాహమాడి షికాగోలో ఉండుమని కోరెను. పారిసును, తన భాషను, సార్త్రుతోడి పనిని విడిచి రాలేనని ఆమె నిరాకరించెను. ఆమె సిద్ధాంతమునకు అనుకూలమైన నిర్ణయమే యది. కాని లేఖలు చదివినచో, సిద్ధాంతము నెగ్గిన చోట మనసు ఎంత నలిగినదో తెలియును. ఈ కథను మార్చి వ్రాసిన నవలకు 1954లో గోంకూర్ బహుమతి లభించెను. ఆ సొమ్ముతో ఆమె షెల్షేర్ వీథిలో ఒక చిన్న నివాసము కొనెను. ఎదుట మోంపర్నాస్ శ్మశానవాటిక. ఏబది సంవత్సరములకు చేరువలో నున్న స్త్రీ తన జీవితమున కొనుక్కొనిన తొలి యిల్లది.

ఆమెకు ఏబది యేండ్లు నిండిన దినములలో, ఒకరు ఈమెను ముసలిదని పేర్కొన్నట్లు ఒక అమెరికా విద్యార్థిని ద్వారా చెవిని పడెను. ఆమె ఉలికిపడెను. తనకు తాను నిన్నటి మనిషిగానే యుండెను. ఎదుటివారి కన్నులలో మాత్రము వేరొక స్త్రీ కూర్చుండియుండెను. 1963లో వెలువడిన ఆత్మకథ మూడవ భాగము చివర ఆమె అద్దములోని తన ముఖమును చూచి యేవగించుకొనెను. ఇక తిరిగిరాని వానిని, కొండలెక్కుటను, ప్రణయమును, ఒక్కొక్కటిగా లెక్కించెను. యౌవనము చేసిన బాసలకును చేతికందినదానికిని పొంతన లేదని వాపోయెను. పాఠకులు కోపించిరి. ఇంత పేరు, ఇంత స్వేచ్ఛ పొందిన యామెయే మోసపోతిననిన ఇక మా గతి యేమని కొందరు స్త్రీలు ఉత్తరములు వ్రాసిరి. ధైర్యము చెప్పవలసినవారు దుఃఖము చెప్పరాదని లోకము కోరును. ఆమె ఆ కోరికను మన్నింపలేదు.

ఆ యేడే, 1963 అక్టోబరులో, తల్లి తన యింట జారిపడి తొడయెముక విరుగగొట్టుకొనెను. వైద్యులు పరీక్షింపగా కడుపులో పుట్టకురుపు బయటపడెను. ఈ తల్లి కథయు చెప్పదగినది. 1941లో భర్త చనిపోయినపుడు ఆమె చేత చిల్లిగవ్వ లేదు. ఏబదినాలుగేండ్ల వయస్సున పరీక్షలు వ్రాసి, గ్రంథాలయమున సహాయకురాలి పని సంపాదించుకొనెను. మరల సైకిలెక్కుట నేర్చి పనికి పోయి వచ్చెడిది. గుండుసూదులతో పుటలు గ్రుచ్చిన ఆ తల్లియే యిది! ఆసుపత్రిలో ఆమెకు రోగము పేరు చెప్పలేదు. వేరొక వ్యాధి యని నమ్మబలికిరి. ఏదియు దాచరాదను నియమముతో జీవించిన కుమార్తె తల్లి మంచము ప్రక్కన కూర్చుండి దినదినము అబద్ధమాడెను. జీవితమంతయు భక్తితో గడపిన తల్లి, ఆశ్చర్యము, ఆ కడపటి దినములలో మతగురువును రప్పించుమని అడుగలేదు; బ్రతుకవలెననియే కోరెను. అక్కచెల్లెండ్రు రాత్రులు వంతులు వేసికొని కనిపెట్టుకొనియుండిరి. నెల దాటిన పిమ్మట తల్లి మరణించెను. తల్లితో తనకు మిగిలిన పాత కోపములన్నియు ఆ మంచముకడ కరగిపోయిన విధమును సిమోన్ 1964లో ఒక చిన్న పుస్తకముగా వ్రాసెను. ఆమె రచనలన్నింటిలోను కన్ను చెమర్చక చదువలేనిది ఇదియే.

తల్లి మంచము ప్రక్కనుండియే ఆమె ఇతర వృద్ధులవైపు చూపు సారించెను. మరల జాతీయ గ్రంథాలయమునకు పోయెను. 1970లో, తనకు అరువదిరెండేండ్ల వయస్సున, వార్ధకమును గూర్చిన బృహద్గ్రంథమును వెలువరించెను. దాని తొలిపలుకు మన దేశపు కథతో ఆరంభమగుట తెలుగు పాఠకునకు ఆసక్తి కలిగించును. రథమెక్కి నగరమునకు వెడలిన సిద్ధార్థ రాకుమారుడు తొలిసారి ఒక ముదుసలిని చూచి, ఆ వంగిన దేహమున తన భవిష్యత్తును గుర్తించుటయే ఆ కథ. లోకము చేయని పని సిద్ధార్థుడు చేసెనని ఆమె తలచెను. ముసలివానిని చూచి అతడు వేరొకడని మనము ముఖము త్రిప్పుకొందుము. స్త్రీని వేరొకతెగా నిలిపిన చూపే యిది. పుట్టుకతో ఎవతెయు సమాజము కోరిన స్త్రీ కానట్లే, ఎవడును తనంతట తాను ముసలివాడు కాడు. ఎదుటివారి చూపు, పింఛను కాగితము, మెట్ల దగ్గర చేయి పట్టుకొను పిల్లవాడు, వీరు చెప్పినపుడే నమ్మును. తేడా యొక్కటే. స్త్రీని గూర్చిన కట్టుబాటులను మార్చవచ్చును. మోకాటి నొప్పిని వాదముతో గెలువలేము. ఈ తేడాను ఆమె దాచలేదు.

ఆ గ్రంథమున ఆమె యెన్నో జాతుల ఆచారములను సేకరించెను. కొన్ని తెగలు నడువలేని వృద్ధులను విడిచిపోయెడివి. కొన్ని తెగలు వారిని జ్ఞాననిధులుగా గౌరవించెడివి. ఆస్తి చేతనున్నంతవరకు లభించు గౌరవమును నిజమైన గౌరవముగా లెక్కింపరాదని ఆమె హెచ్చరించెను. కార్మికుని గతి మరింత ఘోరము. నలుబదియేండ్లు యంత్రము ప్రక్కన నిలువబెట్టి, ఆలోచించుటకు గాని, వేరొక విద్య నేర్చుటకు గాని తీరిక యీయక, తుదకు వృద్ధాశ్రమమున గోడవంక చూచుచు కూర్చుండ బెట్టిన వానికి విశ్రాంతి దొరకినదనుట పరిహాసము. పింఛను పెంచిన చాలదు; బ్రతుకే వేరుగా నుండవలెను. మిక్కిలి వయస్సు వచ్చినను పని మానని మైకెలాంజిలో, విక్టర్ హ్యూగో వంటి వారిని ఆమె పరిశీలించెను. మనుష్యులయందు గాని, పనియందు గాని, న్యాయమగు ఉద్యమమందు గాని ఆసక్తి చావనివానికే ముదిమి భరింపదగినదిగా నుండునని ఆమె కనుగొనెను. వయస్సు మళ్ళిన స్త్రీల వేదనను అంతకు కొద్దికాలము ముందే, 1967లో, మూడు పెద్దకథలుగా వ్రాసెను. అందొకటి రచయిత్రియైన ఉపాధ్యాయినిది. తాను ఎంతో శ్రమించి వ్రాసిన క్రొత్త పుస్తకమున క్రొత్తది ఏమియు లేదని తెలిసికొను ఆమె బాధ, ఈ వృత్తిలోనివారిని నిద్రపోనీయదు.

తాను చెప్పినదానిని ఆమె ఆచరించెను. అల్జీరియా స్వాతంత్ర్యమునకై 1960లోనే సంతకము చేసిన ఆమె, అరువది దాటిన పిమ్మట యువతులతో కలిసి వీథులలో నడచెను. గర్భస్రావమును నేరముగా చూచు చట్టమును ధిక్కరించుచు 343 మంది స్త్రీలు 1971 ఏప్రిలులో ప్రకటించిన పత్రమున ఆమె సంతకమున్నది. 1975 జనవరిలో ఆ చట్టము మారెను.

1973 నుండి సార్త్రు కంటిచూపు దాదాపు పోయెను. ఆమె ప్రతిదినము ఆయనకు పుస్తకములు చదివి వినిపించెడిది. 1980 ఏప్రిల్ 15న ఆయన చనిపోయెను. ఆ రాత్రి ఆమె దుప్పటిపైన ఆయన ప్రక్కనే పడుకొనియుండెను. శవయాత్రకు ఏబదివేల మంది వచ్చిరని అంచనా. చట్టము దృష్టిలో మాత్రము ఆమె ఆయనకు ఏమియు కాదు. ఆయన 1965లో దత్తత చేసికొనిన యువతికే వ్రాతప్రతులపై హక్కు సంక్రమించెను. ఏబదియేండ్ల బంధమునకు కాగితము అక్కరలేదని నమ్మిన స్త్రీకి కాగితము విలువ డెబ్బదిరెండవ యేట తెలిసెను. ఆమెయు అదే యేడు, తనకు 1960 నుండి ఆప్తురాలైన సిల్వీ ల బోన్ అను తత్త్వశాస్త్ర ఉపాధ్యాయినిని దత్తత తీసికొనెను. సార్త్రు చివరి పదియేండ్ల శరీరక్షీణతను ఆమె 1981లో ఏ మరుగును లేకుండ వర్ణింపగా పెక్కుమంది నొచ్చుకొనిరి.

1986 ఏప్రిల్ 14న, సార్త్రు ఆరవ వర్ధంతికి ఒక్కదినము ముందుగా, పారిస్ నగరమందలి కొషాన్ ఆసుపత్రిలో సిమోన్ ద బోవా తన డెబ్బదియెనిమిదవ యేట మరణించెను. ఇరువదియవ తేదీకి ఒకనాడు ముందు అంత్యయాత్ర జరిగెను. వేలాది జనులు, అందు స్త్రీలే మిక్కిలిగా, వెంట నడచిరి. ముప్పది సంవత్సరములుగా ఆమె తన కిటికీనుండి చూచుచుండిన మోంపర్నాస్ శ్మశానవాటికలోనే, సార్త్రు సమాధియందే ఆమెకును చోటు కల్పించిరి. అప్పుడు ఆమె వ్రేలికి ఆల్‌గ్రెన్ ఇచ్చిన ఉంగరముండెను.